జయంతి సాళ్లు

మా ఊళ్లో డాకర్ అంటే ఇప్పుడు తిట్టు. ఎవరి మోటారు కాలినా, ఎవరి పని చెడినా "వానికీ డాకరు పడినాదిలే" అంటారు. అదొక సాఫ్ట్‌వేర్ అనీ, ఈ ఊరి మోటార్లకూ దానికీ ఏ సంబంధమూ లేదనీ చెప్పబోతే నా మొహం మీదే నవ్వుతారు. నవ్వనీ. ఆ మాటను ఈ ఊరికి తెచ్చిందాన్ని నేనే కాబట్టి అది తిట్టు ఎలా అయిందో కూడా నేనే చెబుతాను. వేరేవాళ్లు చెబితే మా నాయనను వదిలేసి నన్ను అంటారు.

నా పేరు జయంతి. రాప్తాడు దగ్గర హైవే దిగి లోపలికి పోతే మా ఊరు వస్తుంది. అనంతపురంలో బీసీఏ చదివి ఇంటికొచ్చి కూర్చున్నాను. కూర్చున్నాననేది మాటవరసకే. ఊళ్లో ఎవరికి పంటల బీమా సంగతి చూడాలన్నా, పింఛను ఎందుకు ఆగిందో కనుక్కోవాలన్నా, ఆధార్‌లో పేరు తప్పు పడిందా అని చూడాలన్నా మా వసారాలోకే వచ్చేవాళ్లు. నాకొక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఉండేది. దాని బ్యాటరీ ఉబ్బితే అంగడివాడు పీకేసి, "ప్లగ్గు పెట్టుకొని వాడుకోమ్మా, ఏం కాదు" అన్నాడు. అప్పటినుంచి గుంజకు కట్టేసిన బర్రెలాగా గోడకున్న ప్లగ్గు దగ్గరే దాని కాపురం. కరెంటు పోయిందంటే ఆ క్షణమే అదీ ఆరిపోయేది.

తెల్లవారగానే మా ఊరికి గార్మెంట్స్ బస్సు వస్తుంది. నాతో పదోతరగతి చదివిన వాళ్లంతా అందులోనే పోతారు. పొద్దంతా మిషన్ తొక్కి, చీకటి పడ్డాక నడుములు పట్టుకొని దిగుతారు. మా అమ్మ ఆ బస్సు సూపర్‌వైజర్‌తో నా గురించి అప్పటికే మాట్లాడేసింది.

"ఇంగ ఎన్నాళ్లు ఈ స్లిప్పులు తీసుకుంటా కూచుంటావ్? నెల తిరిగితే జీతం ఇస్తారంట. ఏం, మిగతా పిల్లోళ్లు పోవడంలా?" అనేది రోజూ.

"ఒక్క కంపెనీ వాళ్లు పిలిచినారమ్మా. సోమవారం పరీక్ష ఉండాది. అది పోతే నోరు మూసుకొని నీ బస్సెక్కుతా" అన్నాను ఒకరోజు విసుగెత్తి. మాట ఇచ్చానంటే ఇచ్చినట్టే. అందుకే ఆ పరీక్ష నాకు అంత ముఖ్యం.

ఆ పిలుపు కూడా ఊరికే రాలేదు. కాలేజీలో నా పక్కన కూర్చున్న మౌనిక బెంగళూరులో ఒక కంపెనీలో చేస్తోంది. ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని, నా పేరు తనే ఇచ్చింది. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. సోమవారం పదింటికల్లా సొంత కంప్యూటర్‌లో డాకర్ పెట్టుకొని ఉండాలి. వాళ్లు పంపిన ప్రాజెక్టు అందులో నడుస్తూ కనిపించాలి. అప్పుడే ప్రశ్నలు అడుగుతారు. నడవకపోతే ప్రశ్నలూ లేవు, మాటలూ లేవు.

"డాకర్ అంటే ఏం లేదే" అని మౌనిక ఫోన్లో చెప్పింది. "ప్రోగ్రాముకు ఏమేం కావాల్నో అన్నీ దాంతోపాటే ఒక డబ్బాలో సర్ది పెడ్తారు. ఆ డబ్బాను ఏ కంప్యూటర్లో పెట్టినా ఒకే రకంగా నడుస్తాది. నా మిషన్లో నడిచినాది, నీ మిషన్లో నడవల్యా అనే గొడవే ఉండదు."

నాకు ఆ మాట తెగ నచ్చింది. ఎక్కడ పెట్టినా ఒకే రకంగా నడిచే వస్తువును నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత మా ఊళ్లో చూడలేదు మరి.

శుక్రవారం మొదలుపెట్టాను. సిగ్నల్ కోసం ఫోన్‌ను కిటికీ ఊచకు గుడ్డతో కట్టి, దాని నెట్‌తో ఆ పెద్ద ఫైలును దించేసరికి పొద్దు వాలింది. ఇన్‌స్టాల్ అని నొక్కితే, మీ విండోస్ పాతది, ముందు దాన్ని కొత్తది చేసుకో పో అంది. సరే అన్నాను. ఆ తర్వాత వర్చువలైజేషన్ అనేది ఆన్‌లో లేదు అంది. కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే వసతి అది. అది లేకుండా డాకర్ కన్ను తెరవదు. మౌనిక చెప్పినట్టు మిషన్‌ను ఆపి, మళ్లీ వేస్తూ ఒక మీట నొక్కి పట్టుకుంటే ఎన్నడూ చూడని నీలం తెర వచ్చింది. అందులో ఏది ముట్టుకుంటే ఏం పోతుందో అని భయపడుతూనే వెతికి వెతికి దాన్ని ఆన్ చేశాను. అదైతే బాగానే అయింది.

చిక్కంతా విండోస్ దగ్గర వచ్చింది. శనివారం అప్‌డేట్ మొదలుపెట్టాను. చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపొద్దు అని తెర మీద రాసి ఉంది. సగం దాటాక బల్బు ఎర్రబడింది, లాప్‌టాప్ ఆరిపోయింది. కరెంటు నిలదొక్కుకున్నాక మళ్లీ వేస్తే, జరిగిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటున్నాము అంటూ గుండ్రాలు తిప్పింది. చేసిందంతా మొదటికొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆ బల్బు ఎందుకు ఎర్రబడుతుందో చెప్పాలి. మా దగ్గర బోర్లకు త్రీఫేస్ కరెంటు పొద్దున ఇస్తారు. అది కూడా మాటిమాటికీ ట్రిప్పవుతూనే ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఇళ్లకు మాత్రం సింగిల్ ఫేస్ ఉంటుంది. సింగిల్ ఫేస్ మీద బోరు మోటారు తిరగదు, తిప్పకూడదు కూడా. మావాళ్లు ఊరుకుంటారా? కండెన్సర్ అని చేతిలో పట్టేంత డబ్బా ఒకటి తెచ్చి స్టార్టర్‌కు తగిలిస్తారు. దాంతో మోటారు మూలుగుతూ తిరిగి సన్నగా నీళ్లు పోస్తుంది. ఒకరు తగిలిస్తే పక్క తోటవాడు చూస్తూ ఉండడు. అందరూ తగిలించేసరికి ఇళ్లల్లో ఫ్యాను ఈగను కూడా తోలదు. ఇది తప్పని అందరికీ తెలుసు. లైన్‌మన్ వీరేష్ కనిపించినప్పుడల్లా తిడతాడు. కానీ ఆ ఏడు వాన మొహం చూపలేదు. బోర్లు రొప్పుతున్నాయి. కళ్ల ముందు చీనీ చెట్టు, అదే బత్తాయి, ఆకు రాలుస్తుంటే వీరేష్ తిట్లు ఎవరికి వినిపిస్తాయి?

నాకింకో దారి ఉండింది. పెదనాయన కూతురు సువర్ణక్క అనంతపురంలోనే ఉంది. వాళ్లింట్లో ఇన్వర్టర్ ఉంది, వైఫై ఉంది. లాప్‌టాప్ చంకన పెట్టుకొని బస్సెక్కితే అయిపోయేది. అదే మాట నాయనతో అన్నాను.

మా నాయన ఈశ్వరప్పకు, పెదనాయనకు గట్టు తగాదా. పలకరింపులు లేక చాలా కాలమైంది.

"వాళ్ల గడప తొక్కేది లేదు" అన్నాడు నాయన. "నా కూతురు వాళ్లింటికి పోయి కరెంటు అడుక్కోవాల్నా? నేనుండా గదమ్మా. ఈడే చేసుకో. రేపు మధ్యాహ్నం ఊర్లో ఒక్క మోటారు తిరగకుండా చూసే పూచీ నాది."

"ఎట్ల చూస్తావ్ నాయనా? నువ్వు చెప్తే ఇంటారా?"

"నువ్వు సుమ్నుండు. నేను చూసుకుంటా."

ఆదివారం పొద్దున పాల కేంద్రం దగ్గర అందరినీ నిలబెట్టాడు. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద బోర్లున్న వాళ్లంతా అక్కడికి పాలు పోయడానికి రావాల్సిందే. నన్నూ రమ్మన్నాడు. "మా పాపకు ఉద్యోగం పరీక్ష ఉండాది. దాని కంప్యూటర్లో డాకరు అనేది పెట్టాల. వోల్టేజీ పడిపోతే అది చచ్చిపోతాది. ఈ ఒక్క పూట కండెన్సర్లు పెట్టొద్దండప్పా" అన్నాడు.

మా పక్క తోట హనుమంతరాయుడు మామ ముందుగా అడ్డు తగిలాడు. ఊళ్లో కండెన్సర్ తగిలించడంలో ఆయనదే మొదటి చేయి.

"ఏమప్పా ఈశ్వరప్పా, చెట్లు సస్తాండాయ్. ఒక పూట నీళ్లు ల్యాకుంటే నాయి ఎండుతాయి. నీ కూతురి డాకరు నా చెట్లకు నీళ్లు పోస్తాదా?"

నాకు మండింది. "మామా, మీ బీమా దుడ్లు యాడ నిలిచిపోయినాయో వెతికి పెట్టింది ఎవురు? మీ మనవరాలి సర్టిఫికెట్టు తీసిచ్చింది ఎవురు? ఎప్పుడన్నా ఒక్క మాట అడిగినానా మిమ్మల్ని? ఒక్క పూట అడుగుతాండా."

ఆయన పాల క్యానుకు మూత బిగించాడు. "నోరు బాగానే ఉండాది నీకు" అన్నాడు. "సరే. అందురూ ఆపితే నేనూ ఆపుతా. కానీ మన వాళ్ల మాట నేను నమ్మను, నా మాట మీరు నమ్మొద్దు. కండెన్సర్లన్నీ ఊడదీసి ఒక తావ పెట్టండి. అప్పుడు ఎవురూ దొంగతనంగా పెట్టేదానికి ఉండదు."

అదే అందరికీ సరిపోయింది. మా ఊళ్లో ఒట్టు వేయించుకునే కంటే వస్తువు లాక్కోవడం నయం. నాయన యూరియా గోతం దులిపి పట్టుకొని తోట తోటకూ తిరిగాడు, వెనక నేను. మొట్టమొదట తన స్టార్టర్‌కున్న కండెన్సరే పీకి అందరూ చూస్తుండగా గోతంలో వేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ గొణుక్కుంటూ ఇచ్చారు. హనుమంతరాయుడు మామ తన దాని మీద మేకుతో పేరు గీకి ఉందని చూపించి మరీ ఇచ్చాడు. ఎండలో గోతం భుజాన వేసుకొని ముందు నడుస్తున్న మా నాయనను చూస్తూ వెనక నడిచాను. నాకోసం ఊరందరినీ అడుక్కున్నాడు. అంత పని ఎవరు చేస్తారు?

ఇంటికొచ్చాక అమ్మ గోతాన్ని వసారాలో పెట్టమంది. నాయన ఒప్పుకోలేదు. "ఈడ పెడితే ఎవురన్నా సందు చూసి ఎత్తుకుపోతారు. తోటలో షెడ్డులో పెట్టి నేనే కాపలా కూచుంటా. నువ్వు నిమ్మళంగా చేసుకో పాపా" అన్నాడు. సద్ది కట్టించుకొని, గోతం ఎత్తుకొని పోయాడు.

మధ్యాహ్నం త్రీఫేస్ ఆగి సింగిల్ ఫేస్ వచ్చింది. ఆ వెలుగు నేను మరచిపోలేను. మా బల్బు అంత తెల్లగా వెలగడం అదే మొదటిసారి చూడటం. ఫ్యాను గిర్రున తిరిగి గోడ మీది క్యాలెండర్ కాగితాలు లేచిపోతున్నాయి. వీధిలో పిల్లలు ఫ్యాను కింద పడుకొని కేకలు వేస్తున్నారు. పక్కింటి బయమ్మవ్వ వచ్చి, "ఏమే జయంతీ, రోజూ నీకు పరీక్షుంటే బాగుండు" అని నవ్వి పోయింది.

విండోస్ అప్‌డేట్ మొదలుపెట్టి దాని ముందే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడే తిన్నాను. ఈసారి వెనక్కి తిరగలేదు. ఆరింది, వెలిగింది, మళ్లీ ఆరింది, వెలిగింది. ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చింది. చివరికి కొత్త విండోస్ తెరుచుకుంది. డాకర్ ఇన్‌స్టాల్ నొక్కాను. ఫైళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయింది. మరోసారి ఆపి వేయమంది, వేశాను. తెర కింద మూలన బుల్లి తిమింగలం బొమ్మ వచ్చింది, వీపు మీద పెట్టెలు మోస్తూ. కాసేపు కదిలీ కదిలీ నిలబడింది. పనిచేస్తోందని దానర్థం. మౌనిక చెప్పిన పరీక్ష కమాండ్ కొట్టాను. డాకర్ నుంచి హలో, నీ ఇన్‌స్టాలేషన్ సరిగ్గా పనిచేస్తోంది అని ఇంగ్లీషులో తెర మీద పడింది.

"అమ్మా!" అని అరిచాను. అమ్మ చేటలో బియ్యంతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏం రాసినాడే?"

"హలో అన్నాడమ్మా."

"అంతేనా? ఊరంతా మోటార్లు ఆపింది వాడు హలో అనేకా?"

నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను. అమ్మ కాసేపు ఆ అక్షరాలను చూసి, "అయితే బస్సాయనకు వద్దని చెప్పేదా?" అంది మెల్లగా.

"చెప్పమ్మా. వద్దని చెప్పు" అన్నాను.

ఇక మిగిలింది కంపెనీ వాళ్లు పంపిన ప్రాజెక్టును ఆ డబ్బాలోకి ఎక్కించడమే. అది నెట్ నుంచి ముక్కలు ముక్కలుగా దిగుతోంది. నేను ఉద్యోగం వచ్చినంత ధైర్యంగా కాళ్లు చాపుకొని కూర్చున్నాను.

బల్బు సన్నగిల్లింది. ఫ్యాను నెమ్మదించింది. "ఎవుడురా వాడు!" అని అరుస్తూ నేను లేచేలోపే లాప్‌టాప్ ఆరిపోయింది. ప్లగ్గు పీకుదామని చేయి చాపాను. అంతలో ఎర్రగా ఉన్న బల్బు ఒక్కసారి కళ్లు చెదిరేంత తెల్లగా వెలిగి ఫట్టున పేలింది. ఫ్యాను ఊడిపోతుందేమో అన్నట్టు తిరిగింది. లాప్‌టాప్ ఛార్జర్ టప్పుమంది, కాలిన వాసన గుప్పుమంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. మరుక్షణం వీధి వీధంతా అరుపులు. ఒకరింట్లో టీవీ పోయింది, ఇంకొకరింట్లో ఫ్రిజ్ పోయింది. నా లాప్‌టాప్ మీట ఎన్నిసార్లు నొక్కినా కన్ను తెరవలేదు.

నాకు ఆ క్షణంలో ఒక్క మొహమే కనబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా హనుమంతరాయుడు మామ ఇంటికి పరిగెత్తాను. ఆయన వసారాలో మంచం మీద నుంచి లేస్తున్నాడు.

"సిగ్గుందా మామా నీకు? అందరి ముందర మాట ఇచ్చి, ఒక్క పూట ఆగలేకపోతివా? నా బతుకు నాశనం చేస్తివి గదా! తోట నిండా చెట్లు పెట్టుకొని ఏం చేసుకుంటావ్?" నోటికి ఎంత వస్తే అంత అన్నాను. వీధంతా వచ్చి నిలబడింది.

ఆయన ఎదురు తిట్టలేదు. భుజం మీద తువ్వాలు సర్దుకొని, "నా కండెన్సరు మీ నాయన గోతంలో ఉండాది గదమ్మే. గాలికి తిరుగుతాదా నా మోటారు?" అన్నాడు.

నేను ఆగిపోయాను. అక్కడున్న వాళ్లంతా కూడా ఆగి ఆలోచించారు. ఊరి కండెన్సర్లన్నీ ఒకే చోట ఉన్నాయి. ఆ చోటు ఏదో అందరికీ తెలుసు. హనుమంతరాయుడు మామ చెప్పులేసుకొని తోటల వైపు నడిచాడు. ఆయన వెనక నేను, మా వెనక ఊరు.

నాయన స్టార్టర్ షెడ్డు బయట కూలబడి ఉన్నాడు. లోపలి నుంచి పొగ వస్తోంది. గోతం మూతి విప్పి ఉంది. స్టార్టర్ పెట్టె పక్కన నాలుగైదు కండెన్సర్లు తీగలతో ఒకదానికొకటి చుట్టేసి ఉన్నాయి. మొదటి రెండు సాళ్లలో చీనీ చెట్ల పాదుల నిండా నీళ్లున్నాయి. మిగతా తోటంతా తెల్లగా పగిలి ఉంది.

"కరెంటు చూసినావా పాపా?" అన్నాడు నన్ను చూసి. ఏదో వింత చూసినవాడిలా అన్నాడు. "అంత వోల్టేజీ నేను ఈ తోట పెట్టినప్పటి నుంచి చూడల్యా. ఒక్క మోటారే గదా, ఒక్క మోటారుకు ఏమైతాదిలే అనుకున్యా."

"కండెన్సర్లన్నీ ఎందుకు చుట్టినావు నాయనా?"

"ఒకటి పెడితే సన్నగా వచ్చినాయి నీళ్లు. ఇంగొకటి పెడితే జోరుగా వస్తాయేమో అని. వచ్చినాయి గూడా. నాలుగోది పెట్టేదాకా బాగానే వచ్చినాయి. ఆనక మోటారు గుర్రుమనె..."

హనుమంతరాయుడు మామ వంగి, మాడిన కండెన్సర్ ఒకటి ఎత్తి, బొటనవేలితో తుడిచి చూశాడు. "ఇది నాదే. పేరు గీకి ఉండాది" అన్నాడు. దాన్ని మా నాయన ముందు పెట్టి, ఇంకొక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

"నా పరీక్ష నాయనా?" అన్నాను.

"చెట్లు సస్తాండాయమ్మా."

"నేను?"

నాయన నా వైపు చూడలేదు. పాదుల్లో ఇంకుతున్న నీళ్లకేసి చూశాడు. నాకు జవాబు అక్కడే దొరికింది.

సాయంత్రం వీరేష్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి దిగాడు. మోటారు షార్టయి న్యూట్రల్ కాలిపోయిందని, ఇళ్లలోకి రెండింతల వోల్టేజీ దూకిందని, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయిందని చెప్పాడు. "మీకు బుద్ధి రాదప్పా" అని అందరినీ కలిపి తిట్టాడు.

సోమవారం మొదటి బస్సుకే నాయనకు చెప్పకుండా సువర్ణక్క ఇంటికి పోయాను. అక్క తలుపు తీసి నన్ను చూసి, ఏమీ అడగకుండా లోపలికి పిలిచి, వాళ్ల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. మళ్లీ అన్నీ మొదటి నుంచి. డాకర్ ఎక్కింది కానీ కంపెనీ ప్రాజెక్టు ఇంకా దిగుతూనే ఉంది, పది అయిపోయింది. తెర మీద కంపెనీ ఆవిడ వచ్చి, ఎక్కడిదాకా వచ్చింది అని అడిగింది. మా ఊళ్లో కరెంటు పోయిందండీ, లాప్‌టాప్ కాలిపోయిందండీ అని చెప్పాను. ఆవిడ చాలా మర్యాదగా నవ్వింది. కరెంటు లేని చోట ఉండి ఇంటి నుంచి చేసే ఉద్యోగానికి ఎలా దరఖాస్తు పెట్టారండీ అంది. సారీ అంది. తెర మూసుకుంది.

అక్క కాఫీ గ్లాసు పెట్టి, నా తల మీద చేయి వేసింది. "నిన్ననే వచ్చింటే అయిపోతాండె గదమ్మే" అంది. అప్పుడు ఏడ్చాను.

ట్రాన్స్‌ఫార్మర్ బాగై తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. మావాళ్లే ట్రాక్టర్‌లో వేసుకొని పోయి, పడిగాపులు కాసి తెచ్చుకున్నారు. ఆ లోపల ఎవరి తోటలోనూ చుక్క నీరు లేదు. చివరి ఆశ మీద ఉన్న చెట్లన్నీ ఆ ఎండకు పోయాయి. హనుమంతరాయుడు మామ తోట మొత్తం పోయింది. రంపాలు తెచ్చి కోయించి, కట్టెల లారీకి ఎక్కించాడు. లారీ పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూశాడే గానీ మా ఇంటి వైపు తిరగలేదు. ఊళ్లో మాత్రం, "ఆ పాప డాకరు కోసం మోటార్లు ఆపినాం, తోటలు పోయినాయి" అన్నారు. మా నాయన పేరు ఎవరూ ఎత్తలేదు. చెట్టు కోసం తప్పు చేసినవాడిని మా ఊరు క్షమిస్తుంది. వాళ్లలో ప్రతి ఒక్కడూ ఆ గోతం తన చేతిలో ఉంటే అదే చేసేవాడు. కంప్యూటర్ కోసం ఏడ్చేదాన్ని క్షమించడం వాళ్లకు రాలేదు.

ఆ తర్వాత, అందరి తోటలూ పోయాక, మంచి పదును వాన పడింది. మా తోటలోనూ ముక్కాలు భాగం ఎండి కట్టెలైంది. నీళ్లు తాగిన ఆ రెండు సాళ్లు మాత్రం చిగురు వేసి, పూత పట్టాయి.

నేను బస్సెక్కాను. మాట ఇచ్చాను కదా. కాలర్లు కుట్టే వరసలో కూర్చోబెట్టారు. మొదట్లో అమ్మే నన్ను నిద్రలేపి సద్ది కట్టేది. ఒక రోజు సద్ది కడుతూ కడుతూ, "మీ నాయన ఆ సాళ్లకు నీ పేరు పెట్టినాడే" అంది. "జయంతి సాళ్లు అంటాండాడు. ఎవురొచ్చినా ముందర వాటినే చూపిస్తాడు. లోపల బాధ ఉండాది గదా మనిషికి." నేను సద్ది అందుకొని బయల్దేరాను. ఇంట్లో నాయనతో అప్పటికే అవసరానికి మించి మాట్లాడటం మానేశాను. ఆయనా నన్ను ఏమీ అడిగేవాడు కాదు. పరీక్ష అనే మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. తప్పయింది అనే మాట కూడా.

బస్సు మా తోట పక్క నుంచే పోతుంది. కిటికీలో నుంచి రోజూ కనిపిస్తాయి, చుట్టూ మొద్దుల మధ్య ఆ రెండు వరసలు. పక్క సీట్లో కూర్చునే ఈశ్వరి ఒకసారి, "ఏమ్మే, మీ తోటలో ఆ రెండు సాళ్లే ఎట్ల బతికినాయే?" అని అడిగింది. నిద్రొస్తోందని కళ్లు మూసుకున్నాను.

మొన్న తొలి కాపు కోశారు. పొద్దున బస్సు తోట దగ్గరికి వచ్చేసరికి నాయన రోడ్డు మధ్యలో నిలబడి చేయెత్తాడు. డ్రైవర్ తిడుతూ ఆపాడు. నాయన నా కిటికీ దగ్గరికి వచ్చి, కాయల సంచి ఒకటి ఊచల మధ్య నుంచి నా ఒళ్లోకి నెట్టాడు. మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్లలో అంత సంతోషంగా ఆయనను నేను చూడలేదు.

"నీ సాళ్లవి పాపా. తిని చూడు, ఎంత తియ్యగా ఉండాయో."

బస్సులో వాళ్లంతా అప్పుడే సంచి కోసం చేతులు చాపారు. నేను సంచి ఈశ్వరి చేతికిచ్చి, ఊచలు పట్టుకొని నాయన మొహంలోకి చూశాను.

"వాటికి నా పేరు తీసెయ్ నాయనా" అన్నాను.

"ఏమ్మా? బాగుండాయి గదా!" అన్నాడు ఏమీ అర్థం కాక.

"బాగుండాయి నాయనా. అందుకే తీసెయ్ అంటాండా."

నాయన చేయి కిటికీ ఊచ మీదే ఉండిపోయింది. డ్రైవర్ హారన్ కొట్టి బస్సు కదిలించాడు. వెనక సీట్లలో కాయలు ఒలుచుకొని తింటూ, నిజంగానే తియ్యగా ఉన్నాయని అందరూ అన్నారు.